పొద్దుటి కొలతలు

ఆ రోజు పొద్దున్నే బాబాయ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. నర్సులు డ్యూటీ ఎక్కేటప్పుడు వాళ్ళ పాదాలను కాగితం మీద పెట్టించి పెన్సిలుతో చుట్టూ గీత గీయాలి. డ్యూటీ దిగేటప్పుడు మళ్ళీ గీయాలి. రెండు గీతలకీ ఉన్న తేడా చూసి రాస్తే ఒక సబ్జెక్టు గట్టెక్కుతుంది. పెట్టుబడి ఒక పెన్సిలు, ఒక కాగితాల కట్ట. ఇందులో నష్టానికి తావే లేదని ఆయన టీ తాగుతూ తేల్చేశాడు. వ్యాపారంలో ఉన్నన్నాళ్ళూ ఆయనకు నష్టం తెచ్చిన పనులన్నీ ఇలా టీ తాగుతూ తేల్చినవే.

“నోరు జాగ్రత్త,” అంది భార్య, జడ చుట్టి పిన్నులు పెట్టుకుంటూ. ఆమె అదే ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డుకు ఇన్‌చార్జి సిస్టరు.

“గీత గీయడానికి నోరెందుకే?”

“నేనూ అదే అంటున్నాను.”

బాబాయ్ నర్సింగ్ డిగ్రీ మూడో సంవత్సరం విద్యార్థి. అంతకుముందు జోళ్ళ దుకాణం యజమాని. దుకాణం మూతపడ్డాక ఆయన వరండాలో కూర్చుని దారిన పోయేవాళ్ళ కాళ్ళు చూసి నంబర్లు చెబుతుంటే భార్య కొన్నాళ్ళు ఓపిక పట్టింది. ఆ తరవాత, “ఇన్నాళ్ళూ ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ కాళ్ళు పట్టుకున్నారు, ఇకనుంచి అది లేనివాళ్ళ చెయ్యి పట్టుకోండి” అని దరఖాస్తు నింపించి తన ఆసుపత్రి పక్కనే ఉన్న కళాశాలలో చేర్పించింది. క్లాసులో అందరూ ఆయన కొడుకు వయసువాళ్ళు, కూతురు వయసువాళ్ళు. చేరిన వారంలోనే ఆయన కళాశాలకంతటికీ బాబాయ్ అయిపోయాడు.

చేతిపనిలో ఆయనకు వంక పెట్టడానికి లేదు. పక్క పరిచినా కట్టు కట్టినా నీటుగా ఉంటుంది. చిక్కంతా నాలుకతోనే. అది దుకాణంలో పెరిగిన నాలుక. మొదటి సంవత్సరంలో నయమై ఇంటికి వెళుతున్న పేషెంటును గుమ్మందాకా సాగనంపి, “చాలా సంతోషం, మళ్ళీ రండి, మీవాళ్ళందరికీ చెప్పండి” అన్నాడు. ఆ పేషెంటు తమ్ముడు చొక్కా చేతులు మడవడం చూశాక గానీ తానేమన్నాడో ఆయనకు తట్టలేదు. అంతకన్నా పాత రోగం ఇంకోటి ఉంది. దుకాణంలో ‘లేదు’ అన్న మాట అనకూడదు. సరుకు లేకపోతే రేపొస్తుందనాలి, బిగుతుగా ఉంటే సాగుతుందనాలి, వదులుగా ఉంటే గాలి ఆడుతుందనాలి. ఆ చదువు ఆయనకు బాగా వంటబట్టింది. నర్సింగ్ చదువు దాని పైన ఇంకా పూతలాగే ఉంది.

ఆ ఏడాది కళాశాలలో కొత్త పద్ధతి పెట్టారు. మూడో సంవత్సరం వాళ్ళు ఒక సబ్జెక్టును తామే తయారు చేసుకోవచ్చు. ఏం నేర్చుకోవాలో, ఎలా నేర్చుకోవాలో, చివరికి ఏం చూపించాలో విద్యార్థే రాసిస్తాడు, గైడు ఒప్పుకుంటే చాలు. దీనికి స్వతంత్ర అధ్యయనం అని పేరు పెట్టారు. పిల్లలందరూ బెదిరిపోయి లైబ్రరీకి పరుగెత్తారు. ఒకమ్మాయి పసిపిల్లల నిద్ర తీసుకుంది. ఒకబ్బాయి వార్డుల్లో చప్పుడు తీసుకుని చెవుల్లో దూది పెట్టుకు తిరిగాడు. బాబాయ్ ఒక్కడే నిమ్మళంగా ఉన్నాడు. సరుకూ మనదే, తూకమూ మనదే, ధర కూడా మనమే చెప్పుకోవచ్చు. ఇంతకన్నా మంచి బేరం ఆయన దుకాణం నడిపిన రోజుల్లో కూడా తగల్లేదు. తనకు పుట్టినప్పటినుంచీ తెలిసింది పాదాలే కాబట్టి, రోజంతా నిలబడి పనిచేసే నర్సుల పాదాలు సాయంత్రానికి ఎంత వాస్తాయన్నది విషయంగా రాసిచ్చాడు. పుస్తకం తెరవనక్కర్లేదు.

గైడు మేడం ఆయనకన్నా చాలా చిన్నది. అద్దాలు ముక్కు చివరికి దించి చదివింది.

“విషయం బావుంది బాబాయ్ గారూ. కానీ స్వతంత్ర అధ్యయనమంటే స్వతంత్రంగా ఎగ్గొట్టడం కాదు.”

“ఛఛ, ఎంత మాట మేడం!”

“పొద్దుటి కొలత ఒక్కటే తెస్తే నేను ముట్టుకోను. అవే పాదాలు, సాయంత్రం కొలత కూడా ఉండాలి. అది లేకపోతే సున్నా. సున్నా అంటే మూడో సంవత్సరం మళ్ళీ మొదటినుంచి.”

మూడో సంవత్సరం మళ్ళీ మొదటినుంచి అంటే ఏమిటో బాబాయ్‌కి అందరికన్నా బాగా తెలుసు. కింద క్లాసులో సొంత మరదలి కూతురు ఉంది. ఆ పిల్ల వచ్చే ఏడు మూడో సంవత్సరంలోకి వచ్చి, పక్క బెంచీలోంచి “పెదనాన్నా, నీ నోట్సు ఒకసారి ఇస్తావా?” అంటుంది. ఆ మాట అత్తవారింట్లో భోజనాల దగ్గర ఎన్నిసార్లు తిరుగుతుందో ఆయన ఊహించుకోగలడు.

అందుకే ఆ పొద్దున నర్సుల గది గుమ్మంలో చిన్న స్టూలు వేసుకుని, నేల మీద కాగితం పరిచి కూర్చున్నాడు. మొదట వచ్చింది పిల్లల వార్డులో పనిచేసే గలగల సిస్టరు. ఆ పేరు పేషెంట్లు పెట్టింది. ఆమె నోట్లో మాట అవతలి వార్డుకు చేరడానికి లిఫ్టు అక్కర్లేదు.

“ఏంటి బాబాయ్, కింద కూర్చున్నారు? ఏమన్నా పడిపోయిందా?”

“పాదం ఒకసారి ఇలా పెట్టమ్మా. డ్యూటీ చేసే కాళ్ళు కదా, కొలత తీస్తున్నాం.”

పాదం కాగితం మీద పడేసరికి బాబాయ్ ఒంట్లో ఏదో మేలుకుంది. వేలి మొనతో మడమ సరిచేశాడు, పెన్సిలు నిలువుగా పట్టాడు, తల ఎత్తకుండానే అనేశాడు. “ఆరో నంబరు. వేళ్ళ దగ్గర కొంచెం వెడల్పు ఎక్కువ. మెత్తటి అట్ట ఉన్నది వేస్తే మేఘాల మీద నడిచినట్టుంటుంది.”

“షూస్ ఇస్తున్నారా?” సిస్టరు కళ్ళు పెద్దవయ్యాయి. “తెలుపేనా, ఇంకో రంగు కూడా ఉందా?”

ఇక్కడ ‘లేదు’ అని ఉంటే ఈ కథ లేదు. “తెలుపుంది, లేత నీలముంది, మీ ఇష్టం,” అంది నాలుక. పెన్సిలు మాత్రం చదువుకున్న విద్యార్థిలా బుద్ధిగా గీత గీస్తూనే ఉంది.

“ఎప్పటికొస్తాయి?”

“వచ్చేస్తాయమ్మా, దారిలో ఉన్నాయనుకో.”

ఆమె వెళ్ళాక గానీ తానేం మాటిచ్చాడో బాబాయ్‌కి తట్టలేదు. వెనక్కి పిలిచి చెబుదామనుకునే లోపు గుమ్మం ముందు వరస మొదలైంది. సర్జరీ వార్డు సిస్టర్లు, ఆపరేషన్ థియేటర్ సిస్టర్లు, వాళ్ళ వెనకాల ఆయాలు, వార్డు బాయ్‌లు, ల్యాబు అబ్బాయి, గేటు దగ్గరి సెక్యూరిటీ. వంటగదిలోంచి వంటాయన చేతిలో గరిటెతోనే వచ్చాడు. “నేనూ నిలబడే చేస్తాను సార్, పొయ్యి ముందు” అని కాలు చాపాడు. భార్య కూడా అటుగా పోతూ ఆగింది. నలుగురి ముందు మొగుడి చదువును చిన్నబుచ్చడం ఇష్టం లేక, ఏమీ అడక్కుండా కాగితం మీద నిలబడి, గీత పూర్తికాగానే వెళ్ళిపోయింది.

బాబాయ్ అప్పుడు ఒక లెక్క వేశాడు. నిజం చెబితే వరస చెదిరిపోతుంది. చెప్పకపోతే పాదాలు పెరుగుతాయి. పాదాలు పెరిగితే అధ్యయనం బరువు పెరుగుతుంది. నడిచొచ్చిన గిరాకీని చేజేతులా వెనక్కి పంపేవాడు వ్యాపారే కాదు. సాయంత్రం కొలతలయ్యాక అందరికీ నెమ్మదిగా చెప్పుకోవచ్చు. ఎంతసేపూ మూడో సంవత్సరం గురించి ఆలోచించాడే గానీ, సాయంత్రం కాగానే నర్సులు ఎలా ఉంటారో ఆలోచించలేదు.

సాయంత్రం డ్యూటీ దిగిన నర్సు విల్లు వదిలిన బాణం. బస్సుంది, ఇంట్లో పిల్లలున్నారు, పొయ్యి మీద పెట్టాల్సినవి ఉన్నాయి. బాబాయ్ కాగితం పట్టుకుని గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

“అమ్మా, ఇంకొక్కసారి పాదం...”

“పొద్దున ఇచ్చాం కదా బాబాయ్!”

“అది పొద్దుటిది. ఇది సాయంత్రానిది.”

“పొద్దున ఒక షూ, సాయంత్రం ఒక షూ ఇస్తారా ఏంటి? జరగండి, బస్సు!”

ఆ మాట పట్టుకుని అందరూ వెళ్ళిపోయారు. పొద్దున జోళ్ళ ఆశే వాళ్ళను వరసలో నిలబెట్టింది, సాయంత్రం ఆ ఆశే ఆయన్ని నిలువునా ముంచింది. కొలత ఇచ్చేసినవాడు దర్జీ దగ్గరికి మళ్ళీ ఎందుకు వెళతాడు? మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. పొద్దుటి పాదాలు కట్టలుగా పెరిగాయి. సాయంత్రం పాదం ఒక్కటి దొరకలేదు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అంటారు. బాబాయ్‌కి ఆ రెండోదీ అందలేదు. కాలికి బలపం కట్టుకుని వార్డు వార్డు తిరిగాడు. చివరికి గైడు మేడం దగ్గరికెళితే ఆమె కట్ట వైపు చూసి, “ఇది అధ్యయనం కాదు బాబాయ్ గారూ, ఆర్డరు,” అంది. నెలాఖరు దాకా గడువిచ్చింది. ఇచ్చి, “మా స్టాఫు రూములో అందరం కూడా మొన్న కొలతలిచ్చాం, మాక్కూడా వస్తాయంట కదా?” అని అడిగింది.

“వచ్చేస్తాయి మేడం,” అన్నాడు బాబాయ్. ఈసారి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

ఈలోగా ఆసుపత్రి సూపరింటెండెంటు రౌండ్లకు వెళితే పిల్లల వార్డులో సిస్టర్లందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆయన ఆ కుర్చీలో కూర్చున్న నాటినుంచీ తిట్లు తిన్నాడు, అర్జీలు తీసుకున్నాడు గానీ చప్పట్లు తెలియవు. “మా కాళ్ళ గురించి ఆలోచించిన మొదటి సూపరింటెండెంటు మీరే సార్,” అంది గలగల సిస్టరు. ఆయన విషయం అడగలేదు. గొంతు సవరించుకుని, “మీ కోసమే కదమ్మా మేమున్నది,” అన్నాడు. గదికి తిరిగొచ్చి స్టోర్స్ ఆఫీసరుకు ఫోన్ చేశాడు.

“మనం నర్సులకు షూస్ ఇస్తున్నామటయ్యా?”

స్టోర్స్ ఆఫీసరుకు ఆ సంగతే తెలియదు. కానీ పై అధికారి అడిగితే తెలియదనడం స్టోర్స్‌లో ఆచారం కాదు. “కొలతలు కూడా తీయిస్తున్నాం సార్,” అన్నాడు.

“మంచిది. తొందరగా కానివ్వండి. చప్పట్లు తీసుకున్నాక సరుకివ్వకపోతే బాగోదు.”

మర్నాడు బాబాయ్‌కి స్టోర్స్ గదినుంచి పిలుపొచ్చింది. వ్యవహారం బయటపడిందనుకుని ఆయన మెట్లెక్కుతూ క్షమాపణ వల్లె వేసుకున్నాడు. తప్పు నాదే సార్, నా నాలుకదే సార్, మూడో సంవత్సరం సార్. లోపలికి అడుగు పెట్టగానే ఆఫీసరు చెయ్యి చాపాడు.

“కొలతల కాగితాలు మీ దగ్గరేనా? ఇలా ఇవ్వండి. ఆర్డరు పెట్టేయాలి.”

బాబాయ్ నోటిదాకా వచ్చిన క్షమాపణ అక్కడే గుటకైపోయింది.

“సరిగ్గా తీశారా? మళ్ళీ నా మెడకు చుట్టుకోకూడదు.”

“పక్కా సార్. ఒకసారి వేసుకున్నారంటే విప్పరు.”

కట్ట ఇచ్చేసి, తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, మెట్లు సగం దిగాక ఆయన ఠక్కున ఆగిపోయాడు. తాను ఇచ్చినవన్నీ పొద్దుటి పాదాలు. పాదం సాయంత్రానికి వాస్తుంది, అందుకే జోడు సాయంత్రం కొలిచి ఇవ్వాలి. ఇది దుకాణంలో తండ్రి నేర్పిన మొదటి పాఠం. పైగా తన స్వతంత్ర అధ్యయనమంతా దాని మీదే. వెనక్కి రెండు మెట్లెక్కాడు. అక్కడ నిలబడి మళ్ళీ లెక్క వేశాడు. వెళ్ళి చెబితే ఆ కొలతలు ఎందుకు తీశావంటారు. ఎందుకు తీశావంటే మొదటినుంచీ చెప్పాలి. మొదటినుంచీ చెబితే మరదలి కూతురు పక్క బెంచీ. కొత్త జోడు ఎవరికైనా నాలుగు రోజులు కరుస్తుంది, తరవాత అదే సర్దుకుంటుంది. జోళ్ళు అమ్మే ప్రతివాడూ చెప్పే ఈ మాటను, లోకంలో మొదటిసారి ఒక జోళ్ళ వ్యాపారి తనకు తానే చెప్పుకుని, నమ్మి, కిందికి దిగిపోయాడు.

జోళ్ళు నెలాఖరున వచ్చాయి. గైడు మేడం ఇచ్చిన గడువు మర్నాటితో సరి. ఆ పొద్దున ఆసుపత్రి తెల్లగా మెరిసిపోయింది. వరండాల్లో కొత్త అడుగుల చప్పుడు, అట్టపెట్టెల వాసన. ఎదురుపడినవాళ్ళందరూ బాబాయ్ చెయ్యి ఊపారు. వంటాయన ఆయన టీలో చక్కెర ఒక చెంచా ఎక్కువేశాడు. సూపరింటెండెంటు ఆ రోజు అవసరం లేని వార్డులకు కూడా రౌండ్లకు వెళ్ళి చప్పట్లు వసూలు చేసుకున్నాడు. తన సబ్జెక్టు పోతేపోయింది గానీ ఇంతమందికి మేలు జరిగిందని బాబాయ్ తనను తాను ఓదార్చుకుంటున్నాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక సర్జరీ వార్డు సిస్టరు ఒకామె మందుల ట్రాలీని తోయడం మానేసి దాని మీద వాలి నడుస్తూ కనిపించింది. బాబాయ్‌కి ఆ నడక తెలుసు. బొటనవేలు ఒత్తుకున్నప్పటి నడక. కాసేపటికి ఇద్దరు, ఆ తరవాత వార్డంతా. ఇంజెక్షన్‌కు జంకని సిస్టర్లు గుమ్మాలు పట్టుకుని అడుగు వేస్తున్నారు. ఒక పేషెంటు మంచం దిగి, “మీరు పడుకోండి సిస్టర్, నేను తిరుగుతాను కాసేపు” అన్నాడట.

డ్యూటీ దిగే వేళకు నర్సుల గదిలో అడుగు పెట్టడానికి చోటు లేదు. కుర్చీల్లో, బల్లల మీద, నేల మీద అందరూ కూలబడ్డారు. వాచిన పాదాలు జోళ్ళలో బిగుసుకుపోయాయి. లాగితే రావడం లేదు.

“బాబాయ్!” గలగల సిస్టరు కేకకు అద్దాలు అదిరాయి. “మేఘాల మీద నడిపిస్తానన్నావు! నువ్వొచ్చి దీన్ని విప్పుతావా, లేక థియేటర్‌కి తీసుకెళ్ళి కాలే తీయించుకోమంటావా?”

‘మీరు’ కాస్తా ‘నువ్వు’ అయిపోయింది. అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఆ గదిలో కళ్ళకు కట్టినట్టు కనిపించింది.

బాబాయ్ ఈసారి నోరు తెరవలేదు. పరుగెత్తి టబ్బులో చల్లటి నీళ్ళు, సబ్బు, దూది, కట్టుగుడ్డ తెచ్చాడు. ఒక్కొక్కరి ముందూ మోకాళ్ళ మీద కూర్చుని, మడమ వెనక సబ్బునీళ్ళు పోసి, నొప్పి తెలియకుండా జోడు తప్పించాడు. ఇన్నేళ్ళూ తొడగడమే తెలిసిన చేతులు విప్పడం నేర్చుకున్నాయి. పొక్కులు కడిగి కట్లు కట్టాడు. ఆయన భార్య మామూలుగా నడుచుకుంటూ వచ్చి, అడిగినవాళ్ళకు నీళ్ళిచ్చి, మండే కళ్ళతో మొగుడి వంక చూసి, ఆమె కూడా దూది అందుకుంది.

అన్నీ అయ్యాక బాబాయ్ తల ఎత్తి చూశాడు. గది నిండా పాదాలు. జోళ్ళు లేని, కడిగిన, రోజంతా నిలబడిన సాయంత్రం పాదాలు. బస్సు కోసం పరుగెత్తగలిగినవాళ్ళు ఒక్కరూ లేరు. రొట్టె విరిగి నేతిలో పడింది. ఆ నేతిలో చెయ్యి పెట్టాలా వద్దా అని ఆయన చాలాసేపు తన్నుకున్నాడు. చివరికి, ఆర్డరు పెట్టాక స్టోర్స్ ఆఫీసరు తిరిగిచ్చేసిన పొద్దుటి కాగితాల కట్టను సంచిలోంచి తీశాడు.

“అమ్మా... ఒక్కసారి పాదం ఈ కాగితం మీద...”

ఒక తెల్లజోడు ఆయన చెవి పక్కనుంచి పోయి గోడకు తగిలింది. ఇంకో జోడు లేవబోతుంటే భార్య ఇన్‌చార్జి సిస్టరు హోదాలో చెయ్యి అడ్డం పెట్టింది.

“కొలవనివ్వండి. ఇవి మార్చి ఇవ్వాలంటే కంపెనీకి ఏ నంబరు పంపుతారు? మళ్ళీ పొద్దుటివేనా?”

“సిస్టర్‌గారూ, ఈయన మిమ్మల్ని ఎలా ఏలుకుంటున్నాడో గానీ...” అంటూనే గలగల సిస్టరు కాగితం మీద కాలు పెట్టింది. “ఊఁ, గియ్యి. నంబరు చెప్పావంటే చంపుతాను.”

బాబాయ్ నంబరు చెప్పలేదు. బాగుందనలేదు, సాగుతుందనలేదు. తలవంచుకుని గది గదంతా కొలిచాడు.

మర్నాడు గైడు మేడం ఆయన అధ్యయనం చివరిదాకా చదివింది. పొద్దుటి గీతకూ సాయంత్రం గీతకూ మధ్య తేడా ప్రతి కాగితం మీదా స్పష్టంగా ఉంది. ఆమె బల్ల కింద, రబ్బరు చెప్పులోంచి కట్టు కట్టిన మడమ కూడా అంత స్పష్టంగానే కనిపిస్తోంది.

“ఫలితాల మీద నాకు అనుమానమేమీ లేదు,” అంది ఆమె, మడమ కొంచెం సర్దుకుని. “ఇంత గట్టిగా రుజువైన అధ్యయనం మా కాలేజీలో ఇదివరకు లేదు. మంచి మార్కులే వేస్తున్నాను.”

“థాంక్స్ మేడం! వచ్చే ఏడాది కూడా ఇలాంటిదే...”

“వచ్చే ఏడాది మీరు స్వతంత్రంగా ఏమీ చెయ్యొద్దు బాబాయ్ గారూ. పుస్తకంలో ఉన్నది చదవండి.”

అయినా పాసు పాసే. ఆ సాయంత్రం బాబాయ్ మిఠాయి పొట్లంతో ఇల్లు చేరాడు. భార్య గుమ్మంలో కూర్చుని తన డ్యూటీ జోళ్ళు విప్పుతోంది. పాతవి. అంచు అరిగినా ఎక్కడా ముడత లేదు, మడమ దగ్గర ఒరుపు లేదు. ఊరంతా కుంటుతుంటే ఆమె ఒక్కతే ఎందుకు తిన్నగా నడిచిందో ఆయనకు అప్పుడు తట్టింది.

“నువ్వు కొత్తవి వేసుకోలేదా?”

“కొలిచింది ఎవరో తెలుసుగా, పెట్టె కూడా విప్పలేదు.”

ఆయన ఆ మాట విననట్టు పాత జోడు చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. వ్యాపారి కన్ను మెరిసింది. “చూశావా, ఎన్నేళ్ళైనా పాదానికి అచ్చు గుద్దినట్టు ఎలా ఉందో! జోడంటే ఇదీ. ఎంత మందికి ఎన్ని చెడగొట్టినా, నీకు మాత్రం సరైంది ఎంచి ఇచ్చాను.”

“ఇది మన దుకాణంలోది కాదు,” అంది ఆమె, రెండో జోడు కూడా విప్పి గోడ పక్కన పెడుతూ. “ఎదురు షాపులో కొన్నాను. వాళ్ళు సరిపోకపోతే సరిపోదని చెప్పేవాళ్ళు.”